విడిదికత్తి - వంటకత్తి: రాష్ట్రేతరాంధ్రుల చేతికత్తి చరిత్ర

దక్షిణాపథపు ఇనుమును, ఉక్కును గూర్చి వ్రాసినవారు సాధారణముగా ఖడ్గమునకే పెద్దపీట వేసినారు. పశ్చిమాసియాలో డమాస్కసు ఖడ్గమని పేరుగన్న ఆయుధమునకు తెలుగు, కన్నడ, తమిళ దేశముల మూసయుక్కు ముడిసరకుగా పోయినదను సంగతి నేడు పెక్కుమందికి తెలిసినదే. కాని ఖడ్గము కొందరిది, కత్తి అందరిది. జానెడు పొడవు, పలుచని అలుగు, కఱ్ఱపిడి, మొలలో దోపుకొన్నను బరువు తోపని తేలికదనము - ఇవి గల చిన్నకత్తి యొక్కటి ప్రతి గృహస్థునకు నుండెను. దారిలో త్రాడు కోయుటకు, పందిరిగుంజ మొన చెక్కుటకు, పొయ్యిలోనికి పుల్లలు చీల్చుటకు అదియే. పొయ్యి రగిలిన పిమ్మట కూర తఱుగుటకును అదియే. ఇట్టి ద్విప్రయోజనమైన చేతికత్తి రాజుల శాసనములలోనికి ఎక్కలేదు. దాని చరిత్రను మట్టిలో దొరకిన ఇనుపముక్కలనుండియు, విదేశీయుల వ్రాతలనుండియు, అన్నిటికంటె మిన్నగా ప్రజల నోటిమాటలనుండియు ఏఱుకొనవలసియున్నది.

ఈ చిన్న వస్తువునకు రాష్ట్రేతరాంధ్రుల చరిత్రతో ప్రత్యేక సంబంధము కలదు. తెలుగు కుటుంబములు కృష్ణా, పెన్నా తీరములనుండి దక్షిణమునకును పడమరకును తరలినపుడు వెంట గొనిపోదగిన సామగ్రి కొలదిపాటిదే. కత్తిపీట కుదురైన గృహమునకు సంబంధించినది. అందు అలుగు కదలదు, కాయయే కదలును. కూర్చుండుటకు నేలయు, స్థిరమైన వంటిల్లును ఉండవలయును. చేతికత్తి యట్లుగాదు. అది నడచువాని పరికరము. విడిది యెక్కడనో వంటిల్లు అక్కడనే. ఆ విడుదులు క్రమముగా ఊళ్లైనవి. విడిదికత్తి క్రమముగా వంటకత్తి యైనది. ఈ మార్పు జరిగిన తీరును నిరూపించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పేరుల సాక్ష్యము

కత్తి యను పదము తెలుగు, కన్నడ, తమిళ, మలయాళములకు సమానమైనది. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున ఈ భాషల రూపములన్నియు ఒక్కచోటనే చేర్చబడినవి. రూపము ఒక్కటియే యైనను అర్థపు విస్తీర్ణము ఒక్కటి కాదు. నేటి వ్యవహారమున కన్నడిగుడు కత్తి యన్నచో ముందుగా ఖడ్గమును స్ఫురణకు తెచ్చుకొనును. కూర తఱుగుదానిని చాకనియో, చూరి యనియో అనును. తమిళుడు కత్తి యన్నచో సాధారణమైన చిన్నకత్తియే. ఖడ్గమునకు వాళ్ అను మాట వేఱుగా కలదు. తెలుగున మాత్రము రాజు చేతిదియు కత్తియే, వంటయింటిదియు కత్తియే, మంగలి పొదిలోనిదియు కత్తియే. విడిదికిని వంటకును ఒకే వస్తువు పనికివచ్చినదనుటకు ఒకే పదము అన్నిటికిని చెల్లుట అనుకూలమైన సాక్ష్యము.

పూర్వకవుల భాషలో చిన్నకత్తికి సురియ యను పేరు కలదు. ఇది సంస్కృతపు ఛురికకు తద్భవము. చురకత్తి యనునది నేటికిని వాడుకలో నున్నది. చాకు పారసీకమునుండియు, కైజారు అరబ్బీలోని ఖంజరునుండియు వచ్చినవి. వేటకత్తి పేరులోనే దాని పుట్టుక యున్నది; అది అడవిలో జంతువును కోసిన కత్తి, పిమ్మట కొమ్మలు కొట్టిన కత్తి. ఇట్లు తెలుగు పదజాలమున దేశ్యములు, తద్భవములు, అన్యదేశ్యములు ప్రక్కప్రక్కన నిలిచియుండుట, ఈ పరికరము ఎన్ని చేతులు మాఱినదో చూపుచున్నది.

మట్టి సాక్ష్యము

ఈ కత్తి ప్రాచీనత భాషల సరిహద్దులకంటె పాతది. దక్షిణదేశపు బృహచ్ఛిలా సమాధులలో మృతునితోబాటు ఇనుప పరికరములను ఉంచు ఆచారముండెను. తమిళదేశమున ఆదిచ్చనల్లూరును అలెగ్జాండరు రే 20వ శతాబ్ది ఆరంభమున త్రవ్వించినపుడును, కర్ణాటకమున బ్రహ్మగిరిని మోర్టిమరు వీలరు 1947లో త్రవ్వించినపుడును ఇనుప వస్తువులు విరివిగా లభించినవి. మహారాష్ట్రమందలి విదర్భలో నైకుండు వద్ద ఇనుము కరగించిన కొలిమి యొక్కటి 1980 ప్రాంతమున బయల్పడినది. ఆంధ్ర తెలంగాణములందును ఇట్టి సమాధులు వందలకొలది కలవు. ఈ స్థలములలో లభించిన వస్తువులలో కత్తులు, బాకులు, బల్లెపు మొనలు, కొడవండ్లు, గొడ్డండ్లు కలవు. బ్రతికినన్నాళ్లు మొలలో నుంచుకొన్న పరికరము పరలోకమందును అక్కఱపడునని ఆ ప్రజలు భావించిరి కాబోలు.

నేడు వేఱువేఱు రాష్ట్రములైన ఈ ప్రాంతములన్నియు ఇనుపయుగమున ఒకే పనితనపు పరిధిలో నుండెనను విషయము గమనింపదగినది. తర్వాతికాలమున తెలుగు కమ్మరి తమిళదేశమునకు పోయినను, కన్నడదేశమునకు పోయినను, అతనికి అక్కడి ఇనుము గాని, కొలిమి గాని క్రొత్తవి కావు.

తంగేడు కట్టె, జిల్లేడు ఆకు

తెలుగు, కన్నడ భాషలలో ఉక్కనియు, తమిళమున ఉరుక్కనియు పిలువబడు లోహము ఐరోపీయుల వ్రాతలలో వూట్జు అను వికృతరూపమును పొందినది. దీనిని చేయు పద్ధతిని చూచి వ్రాసినవారు పలువురు. ఫ్రాన్సిసు బుకానను 1800-1801 సంవత్సరములలో మైసూరు, కన్నడ, మలయాళ సీమలలో సంచరించి, మాగడి, చెన్నరాయదుర్గము ప్రాంతముల కొలుములను వర్ణించెను. ఆ గ్రంథము 1807లో అచ్చైనది. కంపెనీ కొలువులోని బెంజమిను హైను, నూజివీడు చెంతనున్న రమణక్కపేటలో ఇనుము తీయుటను చూచి వ్రాసినది 1814లో వెలువడినది. నిజామాబాదు మండలమందలి కోనసముద్రములో ఉక్కుమూసలు తయారగుటను వాయిసీ చూచెను. అక్కడికి ఇస్ఫహాను నగరమునుండి వర్తకుడు స్వయముగా వచ్చి సరకు కొనుచుండెనని అతని వ్రాత వలన తెలియుచున్నది.

పద్ధతి సంగ్రహముగా నిట్టిది. మెత్తని ఇనుపముక్కలను మట్టిమూసలో నుంచి, ఎండిన తంగేడు కట్టెపేళ్లు వేసి, జిల్లేడు మొదలగు ఆకులతో కప్పి, మూతిని మట్టితో మూసి, బొగ్గుల కొలిమిలో తిత్తులతో గాలి నూదుచు గంటల తరబడి కాల్చుదురు. కట్టెయు ఆకును బొగ్గై ఇనుములో కలియును. మూస చల్లారిన పిమ్మట పగులగొట్టిన ఉక్కుముద్ద లభించును. పరీక్షకులు ఇందు కర్బనము నూటికి ఒకటి మొదలు రెండు పాళ్లవఱకు నుండునని తేల్చిరి. తంగేడు, జిల్లేడు - రెండును తెలుగువాని పెరటిచెట్లు. లోకఖ్యాతి గాంచిన ఉక్కునకు కర్బనము నిచ్చినవి బతుకమ్మలో పేర్చు పూలచెట్టును, బీడునేలలో మొలచు పాలచెట్టును అనుట చిత్రముగా తోచును.

ఉక్కు దుర్లభము గనుక గ్రామపు కమ్మరి కత్తి నంతయు ఉక్కుతో చేయడు. అలుగు దేహము మెత్తని ఇనుము. వాదర మాత్రమే ఉక్కు. ఈ పొదుపునుండియే చేతికత్తి తేలికదనము కొంత పుట్టినది.

లండనులో కలముకత్తి

ఈ ఉక్కు ఇంగ్లండు పండితుల దృష్టికి వచ్చిన కథలో ఒక అంశము ఈ వ్యాసమునకు మిక్కిలి ముఖ్యమైనది. బొంబాయియందలి డాక్టరు హెలెనసు స్కాటు పంపిన ఉక్కుముద్దలు రాయలు సొసైటీ అధ్యక్షుడైన జోసెఫు బ్యాంక్సునకు చేరినవి. జార్జి పియర్సను వానిని పరీక్షించి 1795లో సొసైటీకి వ్యాసము సమర్పించెను. అధ్యక్షుని కోరికపై జేమ్సు స్టొడార్టు అను కత్తుల పనివాడు ఆ ఉక్కును సాగగొట్టి చూచెను. అతడు చేసినది ఖడ్గము కాదు. ఈకకలమును చెక్కుకొను చిన్నకత్తి. చీకటిలో మాత్రమే కనబడునంతటి మందమైన ఎఱ్ఱదనమున దానిని సాగగొట్టి, పదును పెట్టి చూడగా, అది ఐరోపా ఉక్కుతో చేసిన మేలిమికత్తికి తీసిపోలేదు. అనంతరము స్టొడార్టు తన అంగడి ప్రకటనపత్రమున హిందూదేశపు ఉక్కు ఐరోపా ఉక్కుకంటె మేలని అచ్చువేయించెను. 1820లో మైకేలు ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమములపై పరిశోధనలను ప్రకటించినవాడును ఇతడే.

దక్షిణదేశపు ఉక్కు శాస్త్రసభ యెదుట తన గుణమును నిరూపించుకొన్నది చిన్నకత్తి రూపముననే యనుట ఇందలి విశేషము. మందమైన వేడిమిలోనే సాగగొట్టవలెనను నియమము గ్రామపు కమ్మరికి పరంపరాగతముగ తెలిసినది. వేడి మించినచో కర్బనమధికమైన ఉక్కు సమ్మెట దెబ్బకు పొడిపొడియగును. కమ్మరిశాల నీడపట్టున, మసక వెలుతురులో నుండుటకు గల కారణములలో ఇది యొకటి. ఎండలో లోహపు రంగు తెలియదు.

పని విధానము

విడిది కోరునదియు వంటయిల్లు కోరునదియు ఒకటి కాదు. విడిదికి గట్టితనము కావలెను; పుల్ల చీల్చునపుడు అలుగు వంగరాదు, విఱుగరాదు. వంటకు పలుచదనము కావలెను. మందమైన అలుగు కాయను కోయక చీల్చును. దళసరి చేసినచో బరువు హెచ్చును. పలుచన చేసినచో బలము తగ్గును. ఈ రెంటిని సమన్వయించుటలోనే కమ్మరి నేర్పు కలదు. అలుగు వెన్ను పిడి దగ్గఱ దళసరిగా నుండి మొనవైపు క్రమముగా పలుచబడును. పిడి చెంతనున్న భాగము కఱ్ఱ చెక్కుటకు, నడిమి వంపు కూర తఱుగుటకు, మొన తోలు తీయుటకు. ఒకే అలుగున మూడు కత్తులు ఇమిడియున్నవన్నమాట.

కమ్మరి మొదట ఇనుపపట్టీని కొలిమిలో కాల్చి, అంచును చీల్చి, అందు ఉక్కురేకును పొదిగి, దాగలిపై నుంచి అతుకు కొట్టును. పట్టకారు ఒక చేత, సుత్తె ఒక చేత పట్టి అతడు దెబ్బ చూపగా, తోడి పనివాడు సమ్మెటతో కొట్టును. రూపము వచ్చిన పిమ్మట ఆకురాయితో రాచి, మరల కాల్చి, నీటిలోనో నూనెలోనో ముంచును. దీనినే పదును పెట్టుట యందురు. ముంచిన అలుగు గాజువలె పెళుసుగా నుండును. కావున దానిని మరల కొలదిగా వేడిచేయగా లేత పసుపువన్నె, పిమ్మట నీలివన్నె తిరుగును. ఏ వన్నె యొద్ద ఆపవలయునో పనినిబట్టి కమ్మరి నిర్ణయించును. అలుగు కాడను కాల్చి కఱ్ఱపిడిలోనికి దిగగొట్టి, పిడి పగులకుండ మొదట ఇనుప పొన్ను తొడిగి, సందులను లక్కతో నింపును. తుదకు సానపై వాదర తీయును.

ఇక్కడ పదును అను మాటను గూర్చి ఒక విషయము. విత్తుటకు తగిన నేలతడిని కాపులు పదును, పదను అందురు; ఉక్కునకు నీటివలన కలుగు గట్టితనమును కమ్మరులు అదే పేర పిలుతురు. తడి సరిపడినపుడే నేలయు ఉక్కును పనికివచ్చునను భావము రెంటికిని మూలము. కాపు, కమ్మరి ఒకే ఊర పొత్తుగా బ్రతికిరనుటకు ఈ ఒక్క పదమే చాలును. తిత్తి యను మాట మఱియొక పొత్తును చూపును. తోలుపనివారు లేనిదే కొలిమికి తిత్తి లేదు. తమిళనాట నేటికిని తెలుగు మాటలాడు అరుంధతీయుల పూర్వులకు తోలుపనితో గల సంబంధము ప్రసిద్ధము.

పాళెము ఊరైన తీరు

1336లో స్థాపితమైన విజయనగర రాజ్యము దక్షిణమునకు వ్యాపించిన కొలది తెలుగు, కన్నడ దండులు తమిళదేశమునకు చేరినవి. కుమార కంపరాయలు 1371 ప్రాంతమున మధురను జయించెను. ఆనాటి దండు యోధుల గుంపు మాత్రమే కాదు; కదలుచున్న పట్టణము. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరును ముట్టడించిన కథను వ్రాసిన పోర్చుగీసువాడు నూనిజు, ఆ విడిదిలో అంగళ్లు తీరియుండెననియు, వీథులలో పనివాండ్రు తమతమ పనులు చేయుచుండిరనియు తెలిపినాడు. వేలకొలది పొయ్యిలు వెలుగు చోట వేలకొలది చేతికత్తులు ఉండక తప్పదు. వానికి వాదర తీయు కమ్మరియు ఉండక తప్పదు.

మధురలో విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున నాయకరాజ్యమును నెలకొల్పి, దేశమును 72 పాళెములుగా విభజించెనని సంప్రదాయము. పెక్కు పాళెములు తెలుగు నాయకుల అధీనమున నుండెను. పాళెమను మాటకు మొదటి యర్థము దండు విడిది. ఆ విడిది యొక అధికారి ఏలుబడిలోని సీమకు పేరైనది. తుదకు సామాన్యమైన ఊరిపేరైనది. తెలుగునాట పాళెమనియు, తమిళనాట పాళైయమనియు ముగియు ఊళ్లపేళ్లు లెక్కకు మిక్కిలి. ఈ పదచరిత్రయే కత్తిచరిత్ర కూడ. దండు దిగినచోట పందిరి వేసిరి, పందిరి గోడకట్టైనది, గోడకట్టు చుట్టు చేను దున్నిరి. యోధుని మొలనున్న కత్తి వంటయింటి గూటిలోనికి చేరినది. పురుషుని చేతినుండి స్త్రీ చేతికి మాఱినది.

1565 జనవరిలో రక్కసతంగడి యుద్ధమున విజయనగరము పతనమైన పిమ్మట దక్షిణమునకు వలస మఱింత బలపడినది. తంజావూరు నాయకులు 1673 వఱకును, మధుర నాయకులు 1736 వఱకును ఏలిరి. ఈ రెండు శతాబ్దులలో రైతులు, నేతగాండ్రు, వర్తకులు, కమ్మరులు, తోలుపనివారు తెలుగునుడితోనే తమిళదేశమున స్థిరపడిరి.

1801 ప్రకటన

పాళెగాండ్ర తిరుగుబాట్లు ఈ కథలో ఒక మలుపు. పాంచాలంకురిచ్చి పాళెగాడు, తెలుగు మాతృభాషగా గల రాజకంబళ నాయకుడు వీరపాండ్య కట్టబొమ్మన 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడెను. 1801లో యుద్ధము మరల చెలరేగి అణచివేయబడిన పిమ్మట, మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు అదే సంవత్సరము డిసెంబరు 1న ఒక ప్రకటన గావించి పాళెముల ప్రజలు ఆయుధములు ధరించుటను నిషేధించెను. కోటలు పడగొట్టబడినవి. పాళెగాండ్రు జమీందారులైరి.

తుపాకులు, ఈటెలు తరలిపోయినను కూర కోయక ఏ యిల్లును గడవదు. కొమ్మ కొట్టక ఏ సేద్యమును సాగదు. ఖడ్గము చరిత్రలోనికి పోయినది. వంటకత్తి ఇంట నిలిచినది. దండు తరతరములు మోసిన పరికరములలో నిరంతరముగా వాడుకలో నిలిచినది, వంటయిల్లు కాపాడిన ఈ చిన్నకత్తియే.

శాసనకర్తలును ఈ ద్విప్రయోజనమును గుర్తింపక తప్పలేదు. 1959 ఆయుధ చట్టమును అనుసరించి 1962లో చేయబడిన నియమములలో, అలుగు 9 అంగుళములకంటె పొడవుగాని, 2 అంగుళములకంటె వెడల్పుగాని గల కత్తులు ఆయుధములలో చేర్చబడినవి. కాని గృహ, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల ఉపయోగమునకై చేయబడినవి మినహాయింపబడినవి.  ఒకే కమ్మరి ఒకే కొలిమిలో చేసిన వస్తువు, అది చేరు చోటునుబట్టి ఆయుధమో, పరికరమో యగుచున్నది.

ఐదు సీమలు

తమిళనాట తెలుగు ఇండ్లలో చేతికత్తికి కత్తి యను పేరే నిలిచినది. పొరుగు భాషయు అదే మాటను వాడుట దీనికి కారణము. కత్తిపీట మాత్రము పెక్కుచోట్ల అరువామణైకి తావిచ్చినది. కొమ్మలు కొట్టు పెద్దకత్తి అరువాళ్. శివగంగ మండలమందలి తిరుప్పాచేత్తి అరువాళ్ దేశప్రసిద్ధము. మహానవమినాటి ఆయుధపూజలో కొడవలి, నాగలికఱ్ఱులతో బాటు వంటకత్తికిని కుంకుమబొట్టు పెట్టుదురు. విజయనగర ప్రభువులు నవరాత్రులలో దండును, ఆయుధములను చూచు ఉత్సవమును పేసు మొదలైన విదేశీయులు వర్ణించిరి. ఆ రాజోత్సవపు ఛాయ సామాన్యుని వంటయింట కత్తి నొసట నిలిచియుండుట గమనింపదగినది.

కర్ణాటకమున బళ్లారి, కోలారు, పావగడ ప్రాంతముల తెలుగువారికి ఉక్కు, కత్తి పదములు ఇరుభాషలకు సమానములే. ఐనను కన్నడమున కత్తి ఖడ్గార్థమునకు మొగ్గుటచే, ఇంట కత్తి యను పిల్లవాడు బడిలో చాకనుట నేర్చుకొనును. కత్తిపీటకు ఈళిగెమణె యను కన్నడపదము ప్రక్కనే వినబడును. ఈ సీమయందును, మహారాష్ట్రమందును రాళ్లు కొట్టుచు, చెఱువులు త్రవ్వుచు తిరిగిన వడ్డెరల కుటుంబములు ఇంట తెలుగు మాండలికమునే కాపాడుకొన్నవి. పని యున్న చోటికి గుడిసెను మార్చువారికి ప్రతి వస్తువును భుజముపై తూగవలసినదే. అట్టి బ్రతుకున ఒకే కత్తి అన్నిటికిని పనికివచ్చుట విలాసము గాదు, అవసరము.

మహారాష్ట్రమున షోలాపురపు పద్మశాలీలును, బొంబాయిలో కామాఠీపురమునకు తమ పేరు నిచ్చిన కామాఠీలును ప్రసిద్ధులు. కామాఠీలు 18వ శతాబ్ది చివరినుండి కట్టడపు పనులకు నిజాము రాజ్యమునుండి పోయినవారు. అచ్చటి పొరుగుభాష ద్రావిడము గాదు గనుక పేరులు పూర్తిగా వేఱు: చేతికత్తి సురీ, కత్తిపీట విళీ, చెఱకు కొట్టు కత్తి కోయతా. మరాఠీ సురీయును తెలుగు సురియయు ఒకే ఛురికకు బిడ్డలనుట విశేషము.

ఒరిస్సాలో బరంపురము, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుటు ప్రాంతముల తెలుగువారు 1936 ఏప్రిలు 1న రాష్ట్రము ఏర్పడుటతో సరిహద్దు కావలివైపున నిలిచినవారు. వారు వలస పోలేదు, సరిహద్దే కదలినది. ఇచ్చట కత్తిపీటకు ఒడియాలో పనికి యను పేరు. కత్తిపీట, పనికి రెండును ఒకే యింట తల్లినోట ఒకటి, పొరుగింటి నోట ఒకటిగా వినబడును.

1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండిన యానాము గౌతమీతీరమున గోదావరి మండలములచే చుట్టబడిన తెలుగు పట్టణమే. పాలన వేఱైనను కత్తి పేళ్లు మాఱలేదు. వేటకు పోవు పడవలో విడిదియు వంటయిల్లును ఒకే చోటు; వలత్రాడు కోసినదియు చేప కోసినదియు ఒకే కత్తి. విడిదికత్తి, వంటకత్తి వేఱుపడని పూర్వస్థితి ఈ పడవలలో కనుపట్టును.

ఇనుము మాఱుట

19వ శతాబ్దిలో ఇంగ్లండునుండి చవుకగా దిగుమతియైన ఇనుపకడ్డీలును, బొగ్గులకై అడవిని కొట్టుటపై వచ్చిన నిర్బంధములును దేశీయమైన ఇనుపకొలుములను అడుగంటించినవి. మద్రాసు రాజధానిలో హీతు అనునతడు 1830 తర్వాత పోర్టోనోవోలో పెద్దయెత్తున కర్మాగారము నడిపినను అది నిలువలేదు. కమ్మరి మాత్రము నిలిచెను. కోనసముద్రపు ఉక్కు లేకపోయిన యెడల రైలుకమ్మీ ముక్కతో పని చేసెను. తర్వాత లారీ కమానుపట్టీని కాల్చి కత్తి చేసెను. కమానుపట్టీ అంతయు ఉక్కే గనుక పొదుగుపని అక్కఱలేకపోయినది. దానితో పొదుగుటకు సంబంధించిన మాటలును వాడుక తప్పినవి.

1913లో షెఫీల్డున హ్యారీ బ్రియర్లీ రూపొందించిన తుప్పుపట్టని ఉక్కు క్రమముగా వంటయిండ్లను ఆక్రమించినది. ఈ కత్తులను నిందింపవలసిన పనిలేదు. చింతపండు పులుసు తగిలినను నల్లబడవు, చవుక, సర్వత్ర లభ్యములు. ఐనను మొద్దుబాఱినచో సానకు పంపుట మాని పాఱవేయుట అలవాటైనది. కొలిమి చెంతకు పోవు అవసరము తీరినకొలది కొలిమిమాటలు వినబడు తావును తగ్గినది.

పదముల సేకరణ

ఈ చరిత్రనుండి తేలునది యొక్కటి. ఖడ్గములు వస్తుప్రదర్శనశాలలలో భద్రముగా నున్నవి. చేతికత్తి అట్లు భద్రపఱుపబడలేదు. అది అరుగువఱకు వాడబడినది, అరిగిన పిమ్మట మరల కొలిమిలో పడి మఱియొక కత్తి యైనది. కావున దాని చరిత్ర నిలిచియున్నది మాటలలోనే: వాదర, పొన్ను, దాగలి, పట్టకారు, ఆకురాయి, సాన, ఒర, పదును. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశమును ప్రారంభించి, 1962లో వ్యవసాయ సంపుటమును, 1971లో చేనేత సంపుటమును వెలువరించినది. ఆ మహాకార్యమునకు క్షేత్రము ఆంధ్రప్రదేశ మండలములు. హోసూరు కమ్మరి మాట, బరంపురపు కమ్మరి మాట, షోలాపురపు ముదుసలి మాట దాని పరిధికి ఆవల నుండిపోయినవి.

ఈ లోపమును పూరించుటకు ధనము విశేషముగా అక్కఱలేదు. రాష్ట్రేతర ప్రాంతములందలి తెలుగు బడులు, సంఘములు ఒక చిన్న పట్టికను సిద్ధపఱచుకొన్నచో చాలును. అలుగు భాగముల పేరులు, కొలిమి పరికరముల పేరులు, పదును పెట్టునపుడు చూచు వన్నెల పేరులు, కత్తికి సంబంధించిన సామెతలు, పొడుపుకథలు - వీనిని ఊరి వృద్ధులను, కమ్మరులను అడిగి, ఊరిపేరుతో సహా వ్రాసియుంచవలెను. ఒకే పదము ఐదు సీమలలో ఎట్లు పలుకబడుచున్నదో ప్రక్కప్రక్కన చేర్చినచో, ఏ కుటుంబము ఏ సీమనుండి ఏ దారిన వచ్చినదో చెప్పు ఆధారములు కొన్ని అందుండి లభింపవచ్చును. శాసనములు లేని సామాన్యజనుల వలసచరిత్రకు ఇంతకంటె దగ్గఱి సాక్ష్యము దుర్లభము.

బడిలోని పిల్లవాడు వాదర యను మాటను పూర్వకావ్యమున చదివినపుడు గురువు దానికి అర్థము వ్రాయించును. ఆ పిల్లవాని అవ్వ ఆ మాటను వంటయింట నిత్యమును పలుకుచుండవచ్చును. ఆ రెంటిని కలుపువాడు లేకున్నచో అవ్వ మాట అవ్వతోనే పోవును. కావ్యమందలి మాట అర్థపట్టికలోనే మిగులును. ఈ పని జరుగవలసినది కొలిమి వెలుగుచున్నన్నాళ్లలోనే.